దెజిమా దాటిన హోస్టా

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళు ఎండ తగిలే చోట గోంగూర, బంతి వేస్తారు. చెట్టు నీడన ఏదీ బతకని మూలలో మాత్రం, నర్సరీవాళ్ళ మాట విని హోస్టా పెడతారు. మేమూ అంతే. వెడల్పాటి ఆకులు, వేసవిలో పొడుగాటి కాడకు వేలాడే లేత ఊదా పూలు. జింకలకు మహా ఇష్టం. ఇది ఇక్కడి మొక్కేనని చాలాకాలం అనుకున్నాను గానీ, దీని పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా, రష్యా తూర్పు అంచు.

జపానువాళ్ళు దీన్ని గిబోషి అంటారు. అక్కడి పాతకాలపు వంతెనల కమ్మీల స్తంభాల మీద ఉండే మొగ్గ ఆకారపు తొడుగు పేరు అది. మనం చింతచిగురు కోసుకున్నట్టే, వసంతంలో దీని లేత మొలకలను 'ఉరుయి' అని కూర వండుకుంటారు.

1641 నుంచి రెండు శతాబ్దాలకు పైగా యూరపు వర్తకులకు జపాన్‌లో చోటు దొరికింది నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న కృత్రిమ దీవిలోనే. అదీ డచ్చివాళ్ళకే. 1605లో మన మచిలీపట్నంలో కొట్టు తెరిచిన డచ్చి కంపెనీయే అక్కడా ఉండేది. ఆ కంపెనీ వైద్యుడు, జర్మనీకి చెందిన కాంఫర్, ఈ మొక్కను వర్ణించి 1712లో పుస్తకం వేశాడు. తరవాత 1775లో స్వీడన్ వైద్యుడు థన్‌బర్గ్ వచ్చి పరిశీలించాడు. 1812లో ట్రాటినిక్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు, తమ దేశపు వైద్యుడు హోస్ట్ పేరు దీనికి పెట్టాడు. గిబోషి అలా హోస్టా అయింది.

యూరపు తోటలకు హోస్టా రకాలను ఎక్కువగా చేర్చినవాడు సీబోల్ట్. ఈ జర్మన్ వైద్యుడు 1823లో దెజిమాకు వచ్చాడు. తకీ అనే జపాను స్త్రీతో కాపురం పెట్టాడు. 1827లో వాళ్ళకు ఇనే అనే కూతురు పుట్టింది. మరుసటి ఏడు అతని దగ్గర జపాను పటాలున్నాయని బయటపడింది. అవి ఇచ్చిన ఆస్థాన ఖగోళవేత్త తకహాషి కగేయసు జైలులోనే చనిపోయాడు. సీబోల్ట్‌ను 1829లో దేశం నుంచి వెళ్ళగొట్టారు. అతను సేకరించిన మొక్కలు హాలండ్ చేరాయి. రెండేళ్ళ ఇనేకు, తల్లికి దేశం దాటే అనుమతి లేదు. ఒక హైడ్రాంజియా రకానికి అతను 'ఒటక్సా' అని పేరు పెట్టాడు. అది 'ఒతకీ-సాన్' అన్న పిలుపే.

బహిష్కారం ఎత్తివేశాక 1859లో అతను తిరిగి వెళ్ళేసరికి ఇనేకు ముప్ఫై రెండేళ్ళు. తండ్రి శిష్యుల దగ్గరే వైద్యం నేర్చుకుంది. 1870లో టోక్యోలో సొంత వైద్యశాల తెరిచింది. పాశ్చాత్య వైద్యం చేసిన తొలి జపాను స్త్రీలలో ఆమె ఒకరు.

ఇవాళ హోస్టాలో వేల రకాలున్నాయి. 1968 నుంచి అమెరికాలో దానికో సంఘం కూడా ఉంది. దుంప చీల్చి ఇస్తే చాలు, పక్కింట్లోనూ బతికే మొక్క ఇది. మనుషులకు ఆ వీలు ఉండదు. వీసా రాక అమ్మానాన్నల దగ్గర పిల్లల్ని ఉంచి వచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. సీబోల్ట్ కథలో పూల కన్నా ఇనే ఎక్కువగా గుర్తుండేది అందుకే కాబోలు.