తెల్ల కాగితం మీద తుమ్మిపువ్వు

వినాయకచవితి ముందురోజు అమ్మ తుమ్మికూర తెమ్మంది. హన్మకొండ మార్కెట్లో మట్టి వినాయకుడు, పత్రి, వెలక్కాయలు అన్నీ దొరికాయి కానీ, తుమ్మికూర అమ్మే ముసలామె దగ్గర మాత్రం నేను వెళ్లేసరికే గంప ఖాళీ. మా ఇంటి వెనక అమ్ముడుపోని ప్లాట్లు కొన్ని ఉన్నాయి. వానలకు అక్కడ మొలవనిది లేదు. ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే ఆప్ ఉంది కదా అన్న ధైర్యంతో నేనే వెళ్లి సంచీ నిండా కోసుకొచ్చాను. అమ్మ సంచీ నేలమీద బోర్లించి, ఒక్కో కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుతూ రెండు కుప్పలు చేసింది.

"సగం తుమ్మి, సగం గడ్డి తెచ్చినవ్ బిడ్డా. కాడ పట్టుకొని చూడొద్దా? తుమ్మి పలకలుంటది."

ఆప్ ఫోటో చూస్తుంది, అమ్మ కాడ తిప్పుతుంది. తప్పు ఆప్‌ది కూడా కాదు. మొదటి మొక్కకు సరిగ్గానే చెప్పింది, మిగతావాటికి నేను అడగలేదు.

ఆ నాలుగు పలకల కాడ ఒక్క తుమ్మిదే కాదు. తులసి కాడ పట్టుకు చూడండి, పుదీనా కాడ చూడండి. ఎదురెదురుగా జంటలుగా ఆకులు, రెండు పెదవుల్లా విచ్చుకునే పూలు, ఒక్కో పువ్వు అడుగున నాలుగు చిన్న గింజలు. వృక్షశాస్త్రంలో వీటన్నిటిదీ ఒకే కుటుంబం. దూరపు చుట్టాలు యూరప్‌లో కూడా ఉన్నారు. వాళ్లలో ఒకటి బెటొనీ. పచ్చిక బయళ్లలో, అడవి అంచుల్లో ఊదారంగు పూలు పూసే మొక్క. తుమ్మి లాగానే ఎవరూ నాటరు, దానంతటదే వస్తుంది. కానీ ఈ రెండు మొక్కల చరిత్రలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం.

బెటొనీ మీద ఒక పూర్తి గ్రంథమే ఉంది. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ వైద్యుడు ఆంటోనియస్ ముసా రాశాడని చెప్పుకున్న పుస్తకం అది. నిజానికి ఆయన రాసింది కాదు, తర్వాత ఎవరో ఆయన పేరు తగిలించారు. 47 రోగాలకు ఈ ఒక్క మొక్క మందు అంటుంది. మధ్యయుగాల్లో ఆ పుస్తకం మిగతా మూలికా గ్రంథాలతో కలిపి మళ్లీ మళ్లీ నకలు చేసుకున్నారు. పాత ఇంగ్లిష్‌లోకి అనువదించిన మూలికా గ్రంథం మొదలయ్యేదే బెటొనీతో. దాని ప్రతుల్లో ఒకటి, 11వ శతాబ్దానిది, బొమ్మలతో సహా ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ కాలపు బొమ్మలతో ఒక చిక్కు ఏమిటంటే, గీసినవాడు చాలాసార్లు మొక్కను చూడలేదు, ముందటి బొమ్మను చూశాడు. నకలుకి నకలు, దానికి మళ్లీ నకలు. అలా కొన్ని వందల ఏళ్లు గడిస్తే కాగితం మీద మిగిలేది మొక్క కాదు, మొక్క గురించిన పుకారు.

తుమ్మికి ఆ పుకారు భాగ్యం కూడా దక్కలేదు. ఓరుగల్లు చుట్టూ రాతికి తక్కువేమీ లేదు కదా. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప, కోటలోని తోరణాలు. పైకప్పుల్లో పద్మాలు, ద్వారబంధాల మీద మెలికలు తిరిగే లతలు. ఆ శిల్పులకు ఉలి మీదున్న పట్టు చూస్తే గడ్డిపరకనైనా చెక్కగలిగేవాళ్లనిపిస్తుంది. చెక్కలేదంటే రాయలేక కాదు, అవసరం లేక. రాతిలోకి వెళ్లాలంటే పువ్వుకు హోదా ఉండాలి. తుమ్మికి సంస్కృతంలో ద్రోణపుష్పి అని దొన్నెతో పోల్చిన మంచి పేరుంది, పూలు శివుడికి ఇష్టమంటారు. అయినా వినాయకచవితి 21 పత్రాల జాబితాలో దానికి చోటు లేదు. తులసి ఉంది, మరువం ఉంది, చివరికి ఉత్తరేణి, ఉమ్మెత్త కూడా ఉన్నాయి. తెలంగాణ ఇళ్లలో మాత్రం అదే పండగ రోజు తుమ్మికూర వండాలి. దేవుడి జాబితాలో లేనిది మా కంచంలో ఉంటుంది. ఈ మొక్కను ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నది బొమ్మ కాదు, శ్లోకం కాదు, సంవత్సరానికి ఒకసారి వండే కూర.

(ఇక్కడ చిన్న హెచ్చరిక. తుమ్మి వేరు, తుమ్మ వేరు, తుమికి వేరు. తుమ్మ ముళ్ల చెట్టు, తుమికి బీడీ ఆకు చెట్టు. నా స్నేహితుడొకడు తుమ్మికూర అంటే ముళ్ల చెట్టు చిగుళ్లేమో అనుకున్నాడు. వాడు పుట్టింది కాజీపేటలోనే.)

సరే, కాగితం మీదకు మన మొక్కలు ఎప్పుడొచ్చాయి? అసలు బొమ్మ కోసం వెతుకుతూ వెళ్తే దారి వరంగల్ నుంచి తూర్పుకు, సామర్లకోటకు తీసుకెళ్లింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికొచ్చాడు. కంపెనీకి కావాల్సినవి మిరియాలు, నీలిమందు, రంగులు. ఆయనకు కావాల్సినవి అన్ని మొక్కలూ. 1789లో మద్రాసులో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడి ఉద్యోగం ఆయనకు వచ్చింది. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లిపోయాడు. కోస్తాలో ఉన్నన్నాళ్లూ స్థానిక చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని మొక్కల్ని గీయించాడు. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలతో లండన్‌లో 'కోరమండల్ తీరపు మొక్కలు' 3 సంపుటాలుగా 1795 నుంచి 1820 దాకా వచ్చింది. ఒక్కో సంపుటంలో 100 ఫలకాలు. కలకత్తాలో కూడా గీయించినవి కలుపుకుంటే ఆయన బొమ్మలు రెండున్నర వేలు దాటుతాయి. ఇప్పుడవి లండన్ దగ్గర క్యూ తోటలో ఉన్నాయి, ఇంకో ప్రతి కలకత్తాలో ఉంది.

ఈ పుస్తకం స్కాన్ ప్రతి ఆఫీసు పని పక్కన పెట్టి రెండు రాత్రులు తిరగేశాను. మొదట ఆశ్చర్యపరిచింది బొమ్మలు కాదు, పేర్లు. వర్ణనల్లో "తెలింగాల" పేరు ఇదీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కనబడుతుంటుంది. మూడో ఫలకం మన చిరివేరు. కలంకారీ ఎరుపు ఆ వేళ్లలోంచే వచ్చేది. దాంతో బట్టకు రంగు ఎలా అద్దుతారో రాక్స్‌బర్గ్ చాలా ఓపిగ్గా రాశాడు. కంపెనీ ఎందుకు డబ్బు పెట్టిందో ఆ ఒక్క మొక్క చాలు చెప్పడానికి. మన సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని, సింకోనాకు బదులు వాడొచ్చని ఆయన ఆశపడ్డాడు. తర్వాత 1830లో ఆ చెట్టు ప్రజాతికి పెట్టిన లాటిన్ పేరు సోయ్‌మిడా. తెలుగు పేరే, టోపీ పెట్టుకుంది.

తుమ్మికి ఆ అదృష్టం లేదు. మొదట దాన్ని ఫ్లోమిస్ అనే ప్రజాతిలో పెట్టారు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ల్యూకాస్ అనే కొత్త ప్రజాతి చేశాడు. గ్రీకులో తెలుపు అని అర్థం. మన ప్లాట్లలో ఉండే రకం ల్యూకాస్ ఆస్పెరా. ఆస్పెరా అంటే లాటిన్‌లో గరుకు. తెలుపు, గరుకు. పేరు పెట్టినవాళ్లు కళ్లతో చూసి, వేలితో తడిమారు. పలకల మాట ఎత్తలేదు. వాళ్లకు పలకలు విశేషం కాదు, కుటుంబమంతా అంతే కాబట్టి.

ఆ రెండో రాత్రి నన్ను పట్టుకున్న విషయం వేరే. ఫలకాల కింద గీసిన మనిషి పేరు లేదు. మొక్క పేరుంది, మొక్కను వర్ణించిన దొర పేరుంది, మొక్కకు మనవాళ్లు పిలిచే పేరుంది. ఆకు ఈనెల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టి, పువ్వును విప్పి కేసరాల్ని విడిగా కింద వరుసలో పేర్చి, ఎండిపోకముందే రంగు పట్టుకున్న మనిషి ఊరూ పేరూ లేకుండా పోయాడు. ఆ బొమ్మల్ని చూస్తే నాకు ఒకటనిపిస్తుంది. కొమ్మ కాగితం నడుమ ఎలా నిలబడాలి, ఖాళీ ఎక్కడ వదలాలి అన్న తీర్పు లినేయస్ పద్ధతిలోంచి వచ్చింది కాదు. అది అద్దకం బట్ట మీద, గోడ మీద పని చేసిన చేతిది. కేసరాలు లెక్కపెట్టడం మాత్రం కొత్తగా నేర్చుకున్నది. రెండూ ఒకే కాగితం మీద కలిశాయి. కంపెనీ శైలి అని చరిత్రకారులు దానికి పేరు పెట్టారు. పేరు కూడా జీతమిచ్చినవాడిదే.

మేం కోడ్ రాస్తే ప్రతి వరుసకీ ఎవరు రాశారో, ఎప్పుడు మార్చారో రికార్డుంటుంది. ఆరేళ్ల కింద ఉద్యోగం మానేసిన కుర్రాడి పేరు ఇప్పటికీ కనబడుతుంది, ఎక్కువగా తిట్టుకోవడానికే అనుకోండి. అలవాటైన ఆ కళ్లతో చూడబట్టేమో, ఈ ఫలకాల కింద ఖాళీ మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఆ ఖాళీ తప్పనిసరేమీ కాదని చెప్పడానికి రాబర్ట్ వైట్ ఉన్నాడు. ఈయనా స్కాట్లండ్ వైద్యుడే, 1819లో మద్రాసు వచ్చాడు. 1838 నుంచి 1853 దాకా 6 సంపుటాల్లో 2101 ఫలకాలు అచ్చేశాడు. అచ్చు పని మద్రాసులోనే, రాతి మీద. ఆయన దగ్గర పనిచేసిన చిత్రకారులిద్దరు, రంగయ్య, గోవిందు. చాలా ఫలకాల మూల గీసినవారి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా ఉంటుంది. అంతేకాదు, ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ గోవిందూయియా అని పేరు పెట్టాడు. జీతగాడి పేరు లాటిన్ వేషంలో శాస్త్రంలోకి వెళ్లింది. కానీ ఎంతో కాలం నిలవలేదు. ఆ మొక్క అంతకుముందే పేరున్న ట్రోపిడియా ప్రజాతిదని తర్వాతివాళ్లు తేల్చారు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందని నియమం. గోవిందు పేరు పర్యాయపదాల జాబితాలోకి జారిపోయింది. నియమంలో తప్పేమీ లేదు, నాకు మాత్రం బాధేసింది. 2007లో హెన్రీ నోల్టీ అనే పరిశోధకుడు ఎడిన్‌బరా రాయల్ బొటానిక్ గార్డెన్ తరఫున 3 పుస్తకాలు తెచ్చాడు. వాటిలో ఒకదాని పేరులోనే రంగయ్య, గోవిందు ఉన్నారు. ఇద్దరి పేర్లూ మన వీధిలో పిలిస్తే పలికే పేర్లు. మనం ఆ పుస్తకం తేలేదు, స్కాట్లండ్ వాళ్లు తెచ్చారు.

ఇదంతా అయ్యాక తుమ్మిని నేనే గీద్దామన్న పిచ్చి ఆలోచన వచ్చింది. స్కూల్లో జీవశాస్త్రం రికార్డు పుస్తకం తర్వాత పెన్సిల్ పట్టింది లేదు. కుప్పలోంచి ఒక కొమ్మ గ్లాసులో పెట్టుకుని కూర్చున్నాను. గీయడం మొదలుపెడితే గానీ అర్థం కాలేదు, తుమ్మి తెల్లపువ్వు, కాగితం తెలుపు. పువ్వు ఎక్కడ గీయాలి? పై పెదవి చిన్నది, నూగు టోపీలా ఒంగి ఉంటుంది. కింది పెదవి వెడల్పుగా, తేనెటీగ దిగడానికి అరుగు వేసినట్టు. ఆ రెండూ కాగితంలో కలిసిపోతున్నాయి. ఈ చిక్కు దాటాలంటే నిజానికి పువ్వును గీయకూడదు, దాని చుట్టూ ఉన్నదాన్ని గీయాలి. వెనకున్న ఆకు పచ్చదనం దించాలి, మడతల్లో నీడగా బూడిదరంగు నీళ్లలా పూయాలి. రెండు వందల ఏళ్ల కింద పేరులేని ఆ చేతులు తెల్లపువ్వుల దగ్గర ఎంతసేపు ఆగి ఉంటాయో అప్పుడు కొంచెం తెలిసింది.

మన పక్కనే దీనికి ఇంకో జవాబుంది. చేర్యాల. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేటలోకి వెళ్లింది. అక్కడి నకాషీలు ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, కులపురాణాల పటాలు గీస్తారు. వెనక నేల ఎరుపు. ఎర్ర నేల మీద తెల్లచుక్క పెడితే చాలు, పువ్వు లేచి కూర్చుంటుంది. అయితే ఆ పటాల్లో చెట్టు చెట్టే, ఏ చెట్టన్న పట్టింపు తక్కువ. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య నిలబడి కథకు సాయం చేస్తుంది. అది లోపం కాదు, కథ చెప్పేవాడు కర్రతో చూపించేది కథానాయకుణ్ణి. కానీ చేర్యాల ఎరుపూ సామర్లకోట లెక్కా ఒక చోట కలిసి ఉంటే తుమ్మి ఎలా ఉండేదో అని ఊహించుకుంటూ నేను ఒక సాయంత్రం మొత్తం పాడుచేసుకున్నాను.

చవితి అయిపోయిన వారానికి బొమ్మ ఒక కొలిక్కి వచ్చింది. ఆకుల అంచు గరుకు, గుత్తులు గుత్తులుగా పువ్వులు, పక్కన విడిగా ఒక పువ్వు విప్పి నాలుగు కేసరాలు, అడుగున నాలుగు గింజలు. మూలన తేదీ, నా పేరు. వెనక ప్లాటులో అప్పటికే జేసీబీ దిగింది. పునాదులు తవ్వుతున్నారు, తుమ్మి ఉన్న వైపు మట్టి గుట్ట. బొమ్మ తీసుకెళ్లి అమ్మకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"పువ్వు మంచిగొచ్చింది. కాడ గుండ్రంగ గీసినవ్."