కోటిపల్లి రైల్వేస్టేషన్

గౌతమీ గోదావరి ఎడమ గట్టున, కాకినాడ నుంచి వచ్చే సుమారు 45 కిలోమీటర్ల శాఖా మార్గానికి ఇది చివరి స్టేషన్. 2022 జిల్లాల పునర్విభజనలో ఊరు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాకు మారింది. సోమేశ్వరాలయ సంప్రదాయం ఊరిని ‘కోటిఫలి’ అంటుంది. వాడుకలోనూ, రైల్వే పేరులోనూ కోటిపల్లే స్థిరపడింది.

మార్గం 1928లో వేశారు. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వచ్చిన రైలు గోదారి దగ్గర ఆగిపోయేది. కోనసీమకు వెళ్ళేవాళ్ళు రేవు దాటి ఆవలి ఒడ్డున ముక్తేశ్వరం చేరాల్సిందే. పుణ్యక్షేత్రం, రేవు ఒకచోటే ఉండటం ఈ చిన్న స్టేషన్‌కు దాని స్థాయికి మించిన ప్రాధాన్యం తెచ్చింది.

పన్నెండేళ్ళకే, 1940లో, రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని పట్టాలు పీకేశారు. ఆ రోజుల్లో దేశమంతటా ఇలా ఎత్తేసినవి ఎక్కువగా రాబడి తక్కువైన శాఖలే కాబట్టి, ఇక్కడా ఆ లెక్క కొంత పనిచేసి ఉండవచ్చు. అయినా యుద్ధమే రాకపోతే పట్టాలు లేచేవి కావన్న మాటే బలంగా కనిపిస్తుంది. దాదాపు ఇదే జాతకం కేరళలోని షొర్నూర్–నీలంబూర్ మార్గానిది. 1927లో పూర్తయి, 1941లో పట్టాలు పోగొట్టుకుంది. కానీ దాన్ని 1954లోనే తిరిగి వేశారు. కోటిపల్లి మరో యాభై ఏళ్ళు ఎదురుచూసింది.

పునర్నిర్మాణానికి పట్టుబట్టినవారిలో ముందు చెప్పవలసింది అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగిని. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన ఆయన రైలు రావడం చూడలేకపోయారు. 2004 నవంబరులో మార్గం మళ్ళీ తెరిచారు. తర్వాత ఇక్కడ తిరిగిన రైల్‌బస్సు ఈ తరం వారికి గుర్తు. కరోనా కాలంలో అదీ ఆగి, స్టేషన్ రెండోసారి నిశ్శబ్దమైంది.

2000–01లో మంజూరైన 57 కిలోమీటర్ల కోటిపల్లి–నరసాపురం మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలను దాటాలి. ఆ వంతెనల మీద రైలు నడిచిన రోజున కోటిపల్లి చివరి స్టేషన్ కాకుండా పోతుంది.