కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి: మాక్లూర్ ప్రాంతంలో వరికోత యంత్రం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
నిజామాబాద్ జిల్లా మాక్లూర్ పరిసరాల్లో వరికోత ఒకప్పుడు వారాల తరబడి సాగే సామూహిక శ్రమ. నేడు ఎకరం పొలం గంట, గంటన్నరలో కోతయంత్రం కింద ముగుస్తున్నది. ఈ మార్పును సాధారణంగా శ్రమ ఆదా, ఖర్చు ఆదా అన్న దృష్టితోనే లెక్కిస్తున్నారు. కోతయంత్రం కొడవలినే కాక కల్లాన్ని కూడా తొలగించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కల్లంలో జరిగే నూర్పిడి, ఆరబోత, కొలత, పంపకం అనే నాలుగు పనుల్లో యంత్రం స్వీకరించినది నూర్పిడిని మాత్రమే. మిగిలిన మూడు పనులు ఎక్కడికి చేరాయో, ఆ క్రమంలో ఎవరి హక్కులు మారాయో ఇందులో పరిశీలించడమైనది.

కీలకపదాలు: వరికోత, హార్వెస్టర్, కల్లం, నిజాంసాగర్, కైకిలి, పరిగ, ఆరబోత, కొనుగోలు కేంద్రం.

1. ఉపోద్ఘాతం

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటానికి వ్యవసాయమే విషయం. దాని సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి. తెలుగు నేల మీది వృత్తిపదాలను రైతుల నోట విని సేకరించాలన్న ఆ పూనికకు వ్యవసాయంతో శ్రీకారం చుట్టడం సహజమే. కోతకు, కట్టకు, కుప్పకు, నూర్పిడికి, తూర్పారకు ప్రాంతానికొక మాట ఉండేది. ఆ మాటల వెనుక పనులు ఉన్నాయి. ఆ పనుల వెనుక మనుషుల మధ్య ఒప్పందాలు ఉన్నాయి. యంత్రం వచ్చి పనిని తొలగించినప్పుడు మాట మరుగున పడటం పైకి కనిపిస్తుంది. దానితోపాటు మరుగున పడిన ఒప్పందం అంత సులభంగా కనిపించదు. మాక్లూర్ ప్రాంతపు వరికోతను ఈ దృష్టితో చూడవలసి ఉన్నది.

2. కాలువ నీరు - వరి విస్తరణ

మాక్లూర్ నిజామాబాద్ నగరానికి ఉత్తరాన ఉన్న మండల కేంద్రం. ఈ ప్రాంతంలో వరి విస్తరణకు మూలం మంజీర నది మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిర్మితమైన ఈ జలాశయం సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వడానికి ఉద్దేశించినది. కాలువ వెంట సాగు పెంచేందుకు కోస్తా డెల్టాల నుంచి రైతుకుటుంబాలు వలస వచ్చి స్థిరపడ్డాయి. వారి నివాసాలకు క్యాంపులన్న పేరు ఇప్పటికీ నిలిచి ఉన్నది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడటంతో అదే కాలువ కింద చెరకు కూడా విస్తరించింది.

కాలక్రమంలో నిజాంసాగర్‌లో పూడిక చేరింది. ఎగువన మంజీర మీదనే సింగూరు వచ్చింది. చివరి ఆయకట్టుకు నీరు తగ్గింది. ఆ లోటు తీర్చడానికి గోదావరి నీటిని ఎత్తిపోసే అర్గుల్ రాజారాం గుత్ప, అలీసాగర్ పథకాలు చేపట్టారు. మరొకవైపు, 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకుకు కొనుగోలుదారు లేనిచోట రైతుకు అందుబాటులో ఉన్న పంట వరి. పైగా చెరకు నరకడం ఇక్కడ ముఖ్యంగా చేతిపనిగానే సాగింది. వరికైతే కోతయంత్రం ఉన్నది, ప్రభుత్వ మద్దతు ధర ఉన్నది. కాబట్టి ఈ ప్రాంతంలో యంత్రం ఒక పనిని సులభం చేయడమే కాక, ఏ పంట వేయాలన్న నిర్ణయంలోనూ పాలుపంచుకున్నది.

3. కల్లం చేసిన పనులు

చేతికోతలో వరిని కొడవలితో కోసి పనలుగా మడిలోనే పరిచేవారు. మూడు నాలుగు రోజుల ఎండకు పన ఆరిన తరువాత కట్టలు కట్టి, మోపులుగా కల్లానికి చేర్చి కుప్ప వేసేవారు. తీరిక చూసుకొని కుప్ప విప్పి ఎడ్ల బంతితో తొక్కించేవారు, లేదా కట్టను బల్లకు, బండకు కొట్టి గింజ రాల్చేవారు. తరువాతి కాలంలో బంతి స్థానంలో ట్రాక్టరు, దాని వెంట నూర్పిడి యంత్రం వచ్చాయి. కాని కల్లం మాత్రం అలాగే ఉన్నది. గాలివాటు చూసి చాటతో తూర్పారబట్టి తాలును వేరుచేసి రాశి పోసేవారు.

రాశి పోసిన తరువాతే కల్లం అసలు స్వభావం బయటపడేది. కుంచంతోనో మానికతోనో ధాన్యాన్ని అందరి ఎదుట కొలిచేవారు. కోసినవారికి కూలి వడ్ల రూపంలో అందేది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువునీటిని పంచే నీరడి తమ ఏడాది సేవకు ప్రతిఫలంగా మేర తీసుకొనేవారు. కోసిన మడిలో రాలిన వెన్నులను పేదింటి స్త్రీలు, పిల్లలు పరిగ ఏరుకొనేవారు.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం చారిత్రకంగా సరికాదు. మేర కులవృత్తికి కట్టుబడి ఉండేది. కొలత చేతిలో ఉన్నవాడు బలవంతుడు. వెట్టిచాకిరి రాజ్యమేలిన హైదరాబాద్ సంస్థానంలో కల్లం న్యాయస్థానమేమీ కాదు. అయినప్పటికీ భూమిలేని మనిషి ఆ ఊరి ధాన్యంలో తన వాటాను బహిరంగంగా అడగగలిగిన స్థలం అదొక్కటే. ఈ కారణంగానే కల్లాన్ని పని జరిగే చోటుగా మాత్రమే కాక, ఒక సామాజిక వ్యవస్థగా పరిగణించవలసి ఉన్నది.

4. యంత్రం పుట్టుక - ప్రయాణం

కోసే పనిని యంత్రానికి అప్పగించే ప్రయత్నాలు పంతొమ్మిదో శతాబ్దపు తొలి భాగంలో ఫలించాయి. స్కాట్లండ్‌లో ప్యాట్రిక్ బెల్ 1828 నాటికి, అమెరికాలో సైరస్ మెకార్మిక్ 1831లో కోతయంత్రాలను రూపొందించారు. కోత, నూర్పిడి రెండింటినీ కలిపిన యంత్రానికి 1836లో మిషిగన్‌కు చెందిన హైరం మూర్ పేటెంటు పొందాడు. అది గుర్రాలు లాగే యంత్రం. స్వయంచోదక యంత్రాలు విస్తృతంగా పొలాల్లోకి దిగినది రెండో ప్రపంచయుద్ధ కాలంలో. మనుషులు యుద్ధానికి వెళ్లగా ఏర్పడిన కూలీల కొరతను తీర్చడానికి 1944లో మ్యాసీ హ్యారిస్ సంస్థ యంత్రాల దండును అమెరికా దక్షిణ భాగం నుంచి ఉత్తరానికి, పంట పండే క్రమంలో నడిపించింది. పంట వెంట యంత్రం ఊళ్లు తిరగడమనే పద్ధతికి అది ప్రసిద్ధ ఉదాహరణ.

భారతదేశంలో ఈ యంత్రానికి నెలవు పంజాబ్. పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 1980లో స్వరాజ్ పేరుతో దేశీయ స్వయంచోదక కోతయంత్రాన్ని తెచ్చింది. నాభా, భాద్‌సోన్ వంటి పట్టణాలు దీని తయారీకి కేంద్రాలయ్యాయి. అయితే గోధుమ పొలం పొడిగా ఉంటుంది. వరిమడి అలా ఉండదు. కాలువ కింది వానాకాలపు మడిలో టైర్ల యంత్రం దిగబడిపోతుంది. పట్టాల మీద నడిచే యంత్రాలు వచ్చాకే ఆ చిక్కు తీరింది. తెలంగాణ రైతులు ఈ రెండింటిని చైన్ మిషన్, టైర్ల మిషన్ అని వేరుచేసి పిలుస్తారు.

పైరు స్వభావం కూడా ఈ మార్పుకు తోడ్పడింది. పాత పొడవు రకాలు గాలికి ఒరిగి నేలకు పడిపోయేవి. పడిపోయిన పైరును యంత్రం సరిగా అందుకోలేదు. హరితవిప్లవంతో వచ్చిన పొట్టి రకాలు, ఆ తరువాత మారుటేరు నుంచి వచ్చిన ఎం.టి.యు. 1010 వంటివి ఎత్తులో యంత్రానికి అనువైనవి.

యంత్రంలోని భాగాలను కల్లంలోని పనులతో పోల్చి చూడవచ్చు. ముందున్న కోతపళ్లు కొడవలి పనిని, లోపల తిరిగే డ్రమ్ము బంతి పనిని, జల్లెడలూ పంకా చాట పనిని, ధాన్యపు తొట్టి రాశి పనిని చేస్తాయి. కాని మడిలో పన మూడు నాలుగు రోజులు ఎండిన వ్యవధికి సమానమైన భాగం యంత్రంలో లేదు. తరువాతి పరిణామాల్లో అనేకం ఈ ఒక్క లోటు నుంచే వచ్చాయి.

5. యంత్రాన్ని ఎవరూ ఎందుకు అడ్డుకోలేదు?

1830లో దక్షిణ ఇంగ్లండ్‌లో వ్యవసాయ కూలీలు నూర్పిడి యంత్రాలను విరగ్గొట్టారు. స్వింగ్ తిరుగుబాటుగా చరిత్రకెక్కిన ఆ ఘటనలకు మూలం, చలికాలంలో తమకు బతుకుతెరువైన నూర్పిడి పని పోవడమే. నిజామాబాద్ ప్రాంతంలో కోతయంత్రానికి వ్యతిరేకంగా అటువంటి ఉద్యమం రాలేదు. దీనికి కారణం ఇక్కడి శ్రామికుల చరిత్రలో ఉన్నది. యంత్రం విస్తరించేనాటికే జిల్లాలోని పురుషుల్లో గణనీయమైన భాగం గల్ఫ్ దేశాల బాట పట్టింది. స్త్రీలకు ఇంటిపట్టున చేసే బీడీల పని ఉన్నది. 2006లో తొలి విడతగా ఉపాధి హామీ పథకం అమలైన జిల్లాల్లో నిజామాబాద్ ఒకటి. వంగి కొడవలి పట్టే కైకిలికి వెళ్లక తప్పని స్థితి కొంతమేరకు సడలింది. కాబట్టి యంత్రం వచ్చి కూలీలను వెళ్లగొట్టిందనడం ఎంత అసంపూర్ణమో, కూలీలు దొరకనందువల్లే యంత్రం వచ్చిందనడం కూడా అంతే అసంపూర్ణం. ఈ రెండూ ఒకదానినొకటి వేగవంతం చేశాయి.

ఇందులో స్త్రీల స్థానం ప్రత్యేకంగా గమనించదగినది. వరికోతలో, తూర్పారలో వారిది ప్రధాన శ్రమ. యంత్రంతో వచ్చిన కొత్త ఉపాధి - నడపడం, మరమ్మతు చేయడం, కిరాయి కుదర్చడం - దాదాపు అంతా పురుషులదే. అందులోనూ చాలా భాగం పంజాబ్, తమిళనాడు వంటి రాష్ట్రాల నుంచి యంత్రంతోపాటు వచ్చే నిపుణులది. ఊరి స్త్రీకి నైపుణ్యంగా ఉన్న కోతపని యంత్రం మీద మరో ప్రాంతపు పురుషుడి నైపుణ్యంగా మారింది. కరోనా కట్టడి మొదలైన తొలి రోజుల్లోనే, 2020 మార్చి 27న, కేంద్ర హోంశాఖ కోతయంత్రాల అంతర్రాష్ట్ర రాకపోకలకు ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. ఊరి పంట ఊరి చేతులతో ఇంటికి చేరే కాలం ముగిసిందనడానికి ఆ ఉత్తర్వే నిదర్శనం.

6. ఆరబోత: యంత్రం వదిలేసిన పని

యంత్రం కోసిన వడ్లు పచ్చివి. వాటిలో తేమ ఇరవై శాతానికి పైగా ఉండటం సాధారణం. ప్రభుత్వ సేకరణ ప్రమాణాల ప్రకారం తేమ 17 శాతానికి మించరాదు. ఈ తేడాను ఎండలో ఆరబోసి తగ్గించవలసినవాడు రైతే. అయితే కల్లం పనిలేనిదిగా మారడంతో ఆ స్థలం సాగులో కలిసిపోయింది, లేదా ప్లాటుగా మారింది. అందువల్ల కోతల కాలంలో గ్రామీణ రహదారులే ఆరబోత స్థలాలయ్యాయి. రోడ్డు మీది వడ్ల కుప్పలు, వాటికి కాపుగా పెట్టిన రాళ్లు రాత్రివేళ ద్విచక్రవాహనదారుల పాలిట ప్రమాదకరంగా పరిణమిస్తున్నాయి. అకాలవర్షం వస్తే రోడ్డు మీద ఉన్నది, కొనుగోలు కేంద్రంలో ఉన్నది ఒకేసారి తడిసిపోతున్నది. కుప్పగా వేసిన పంట కొంత వానకు తట్టుకొనేది. విడి గింజకు ఆ రక్షణ లేదు.

తెలంగాణ ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో రైతుల పొలాల్లో సిమెంటు కల్లాలు నిర్మించే కార్యక్రమం చేపట్టింది. ఆ నిధుల వినియోగంపై కేంద్రం అభ్యంతరం చెప్పి సుమారు 151 కోట్ల రూపాయలు తిరిగి చెల్లించాలని కోరడంతో 2022 డిసెంబరులో అది రాజకీయ వివాదమై, జిల్లా కేంద్రాల్లో నిరసనలకు దారితీసింది. యంత్రం తొలగించిన కల్లం ప్రభుత్వ పథకంగా తిరిగి రావలసి రావడం గమనార్హం. అయితే తిరిగి వచ్చినది ఆరబోత గచ్చు మాత్రమే.

7. కొలత - పంపకం

యంత్రం తొట్టి నుంచి వడ్లు ట్రాక్టరులోకి, అక్కడి నుంచి సహకార సంఘాలో మహిళా సంఘాలో నడిపే కొనుగోలు కేంద్రంలోకి చేరుతున్నాయి. రాష్ట్రంలో ప్రభుత్వ ధాన్యసేకరణ 2014-15లో సుమారు 24 లక్షల టన్నులు కాగా, 2020-21లో సుమారు 141 లక్షల టన్నులకు చేరింది. ఇంత ధాన్యం కొద్ది వారాల్లో కోతకు వచ్చి అమ్మకానికి నిలవడం చేతికోతతో సాధ్యమయ్యేది కాదు. కాని యంత్రం కోతను తొందరపెట్టినంతగా తూకం, రవాణా, మిల్లుల్లో దిగుమతి తొందరపడలేదు. కోతలో మిగిలిన రోజులు కేంద్రం ముందు నిరీక్షణగా మారాయి. తేమ, తాలు పేరుతో బస్తాకు ఇంత అని తరుగు తీయడం మీద రైతుల ఫిర్యాదు ఏటా వినిపిస్తున్నదే. ఒకప్పుడు కొలత దగ్గర బలహీనుడు కూలీ; నేడు తూకం దగ్గర ఆ స్థానంలో చిన్నరైతు నిలిచాడు.

పంపకం సంగతి ఇంకా జటిలమైనది. కోత కిరాయి గంటల లెక్కన నగదుగా చెల్లుతుంది. వడ్ల కూలి పోయింది. మేర అంతకుముందే క్షీణించింది. కల్లం పోవడంతో దాన్ని అడిగే చోటు కూడా మిగలలేదు. చేతికోతలో రాలేది వెన్ను. యంత్రం వెనుక రాలేది విడి గింజ. వెన్నును ఏరవచ్చు, బురదలో చెదిరిన గింజను ఏరలేరు. ఆ విధంగా పరిగ ఎవరూ నిషేధించకుండానే అంతరించింది. పశువులకు మిగిలే గడ్డి సైతం నలిగి, చెదిరి, ఎత్తైన కొయ్యకాళ్లతో మడిలోనే ఉండిపోతున్నది. గడ్డిని చుట్టలు చుట్టే మరో యంత్రానికి కిరాయి పెట్టలేనివారు దానికి నిప్పు పెడుతున్నారు.

మరోవైపు, 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం నాటి నుంచి భూమిలేని కుటుంబానికి ధాన్యం చేరే ప్రధాన మార్గం రేషన్ దుకాణమైంది. ఆ కుటుంబం ఒకనాడు కల్లం దగ్గర తీసుకొన్న వడ్లు నేడు కొనుగోలు కేంద్రం, మిల్లు, గోదాము చుట్టి బియ్యమై తిరిగి వస్తున్నాయి. ఇందులో మేలు స్పష్టం: ఆ బియ్యానికి కులవృత్తితో, ఆసామి దయతో సంబంధం లేదు. నష్టమూ స్పష్టమే: ఊరి పంటలో శ్రమ ద్వారా కలిగే వాటాగా కాక, లబ్ధిదారుల జాబితాలో పేరు ఉండటం మీద అది ఆధారపడింది.

8. ముగింపు

మాక్లూర్ ప్రాంతంలో కోతయంత్రం నడుములు విరిగే శ్రమను తొలగించింది. ఆ శ్రమను తిరిగి కోరుకొనేవారు లేరు. కాని యంత్రం ఒక్క పనిని తీసుకొని, దానితో ముడిపడిన మూడు పనులను విడిగా వదిలేసింది. ఆరబోత రహదారి మీదికి, కొలత కొనుగోలు కేంద్రానికి, పంపకంలో కొంత రేషన్ దుకాణానికి చేరాయి. పరిగ వంటివి ఎక్కడికీ చేరలేదు. ఈ మార్పును ఎకరాకు ఖర్చు, గంటకు కిరాయి అన్న లెక్కలతో మాత్రమే అంచనా వేస్తే చివరి అంశం లెక్కలోకే రాదు.

నాట్లు ఇంకా చాలావరకు చేతితోనే సాగుతున్నాయి. వాటికోసం బీహార్, పశ్చిమబెంగాల్ కూలీలు తెలంగాణ మళ్లలోకి వస్తున్నారు. నాటుయంత్రం కోతయంత్రమంత వ్యాపించిన నాడు వారి విషయంలోనూ ఈ ప్రశ్నే ఎదురవుతుంది. కల్లాన్ని ఎరిగిన తరం ఊళ్లలో ఇంకా ఉన్నది. ఆ తరం నోట ఉన్న కోత, కొలత, మేర, పరిగ పదాలను వాటి వెనుక ఉన్న ఒప్పందాలతో సహా గ్రామాలవారీగా నమోదు చేయడం తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టవలసిన పని. 1962 నాటి పదకోశం పదాన్ని, దాని అర్థాన్ని భద్రపరిచింది. ఆ పదం ఎవరికి ఏ హక్కునిచ్చిందో నమోదు కావలసి ఉన్నది.