అడుగు ముందు, కర్ర తర్వాత

పొద్దు గూకింది. ఆళ్ళగడ్డ శివారు బీడులో మట్టి ఇంకా కాక తగ్గలేదు. చెప్పులు గట్టున విడిచి రండి. పీర్ల పండగ దగ్గరపడింది. పీర్ల ముందు కర్రసాము చేయడానికి హిందువుల పిల్లలు, ముస్లిముల పిల్లలు కలిసే వచ్చారు. ఉస్తాదు వంగి నేలను తాకి కళ్ళకద్దుకున్నాడు.

ఒక కర్ర అందుకోండి. గట్టి వెదురు, దగ్గర దగ్గర కణుపులు, నూనె పట్టించి పట్టించి నున్నబడ్డ ఒళ్ళు. నిలబెడితే చెవిదాకా వస్తుంది.

"రేయ్ అబ్బీ, కర్రను చూడొద్దు. ఎదుటోని భుజం చూడు. దెబ్బ ఆడే మొదలయ్యేది. అడుగు ముందు, కర్ర తర్వాత!"

కర్ర తిరిగింది. ముందు పక్కన, ఆ పైన తల మీదుగా, వీపు వెనక్కి. గాలి వుయ్యిమంటోంది, మీరు కాస్త జరగండి. ఇద్దరు ఎదురెదురుగా దిగారు. ఠక్కు, ఠక్కు. ఒకడి కర్ర రెండోవాడి కణత పక్కన బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ ఆపడమే. కొట్టడం ఎవరికైనా వస్తుంది.

"ఉస్తాద్, వింగ్ చున్‌లో గూడా పొడుగు కర్ర ఉంటాదంట కదా?" ఫోన్లో చూశాడట ఒకడు. ఉంటుంది. దక్షిణ చైనాలో ఫోషాన్ వైపు పెరిగిన విద్య అది. ఎర్ర పడవల్లో ఊరూరా తిరిగే నాటకాలవాళ్ళు పడవ నెట్టే గెడనే ఆయుధం చేసుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. కాళ్ళు నేలకు అతికినట్టు నిలిపి, దగ్గర నుంచే చేతులతో తేల్చుకోవడం వాళ్ళ పద్ధతి. మన సాములో కాలు ఒకచోట నిలవదు.

ఆయుధం పట్టడం ఈ సీమకు కొత్త కాదు. పాలెగాళ్ళ కాలంలో ఊళ్ళకు కాపలా కాసినవాళ్ళు కట్టుబడి బంట్లు. ఆ పనికి ప్రతిఫలం మాన్యం భూమి. 1800లో ఈ సీమ దత్తమండలాల పేరుతో ఈస్టిండియా కుంఫిణీ చేతికొచ్చాక, కుంఫిణీ కలెక్టరు మన్రో పాలెగాళ్ళను అణిచాడు. తర్వాత కట్టుబడి మాన్యాలకూ ఎసరొచ్చింది. భూమి పోగొట్టుకున్న ఆ బంట్లు 1846లో కుంఫిణీ మీద తిరగబడ్డ, ఇక్కడికి దగ్గర్లోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు.

నంద్యాల తల్లిదండ్రులారా, పిల్లలను కరాటేకు, కుంగ్‌ఫూకు పంపండి, మంచిదే. కానీ మన సామునూ మరవొద్దు. ఖేలో ఇండియా పోటీల్లో కేరళ కలరిపయట్టుకు, పంజాబు గత్కాకు, మణిపురి థాంగ్-టాకు చోటు దొరికింది. కర్రసాముకు మన బడి ఆటస్థలంలో వారానికి ఒక గంట ఇవ్వమని హెడ్మాస్టర్లను అడగండి. నేర్పే ఉస్తాదులు ఉండగానే అడగండి.