సంతలో న్యాయము



జూబిలీహిల్సు, ఫిలింనగరు అనగానే మన పల్లెలవారికి స్ఫురించునవి చిత్రనిర్మాణశాలలును, తారల భవనములును. తెలుగు చలనచిత్ర వాణిజ్యమండలి కార్యాలయము ఫిలింనగరులోనే యున్నది. కాని యా కొండల దిగువను కృష్ణానగరమను పేటయు కలదు. దీపములు మోయువారు, వేషములు దిద్దువారు, చిన్న పాత్రలు ధరించువారు పెక్కురు అచ్చట నిరుకు గదులలో కాపురముందురు. షూటింగు ఉన్ననాడు కూలి యుండును, లేనినాడు లేదు. అట్టి కుటుంబమునకు తారల వార్తలకంటె వంకాయల వెల ముఖ్యము. ఆ వెల విషయమున ప్రభుత్వము చేసిన యొక యేర్పాటు జూబిలీహిల్సు శాసనసభా నియోజకవర్గములోనే కానవచ్చును. అది యెఱ్ఱగడ్డ రైతుబజారు. అట్టి బజారు మన దేశమున నేర్పడుటకు వెనుక నెంత చరిత్ర యున్నదో చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

న్యాయమైన వర్తకమన నేమి? పండించినవానికి గిట్టుబాటు, కొన్నవానికి సరియైన తూకము, ఇరువురకును ముందుగా తెలిసిన వెల. ఈ మూటిని వర్తకుని మంచితనమునకే విడిచిపెట్టవచ్చునా, పాలకుడు కలుగజేసికొనవలెనా యనునది ప్రాచీనమైన ప్రశ్న. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున దీనికి సందేహము లేని సమాధానమిచ్చెను. అంగడులను, తూనికలను, కొలతలను పరీక్షించుటకు ప్రత్యేకముగా నధికారులుండవలెననెను. స్వదేశపు సరకుపై వర్తకుడు నూటికి 5, పరదేశపు సరకుపై 10 మాత్రమే లాభము గొనవలెనని హద్దు నిర్ణయించెను.

శాస్త్రమున నుండుట వేరు, ఆచరణమున నుండుట వేరు. ఆచరణమునకు మన తెలుగుగడ్డమీదనే యొక గొప్ప నిదర్శనము కలదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలమున ప్రసిద్ధమైన రేవు. శాలివాహన శకము 1166, అనగా క్రీ.శ. 1244 ప్రాంతమున, గణపతిదేవ చక్రవర్తి అచ్చట నభయశాసనము వేయించెను. అంతకుముందు గాలివానకు చిక్కి యోడ యొడ్డునకు కొట్టుకొనివచ్చినచో, దానిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సర్వమును రాజులు బలాత్కారముగా గైకొనెడివారు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పెను. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చువారి సొమ్మును నిర్ణీతమైన సుంకము తప్ప ముట్టబోమని మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకముగా నిర్ణయించెను. చందనము, కర్పూరము, ముత్యములు, మిరియములు మున్నగువానికి విడివిడిగా సుంకములు చెక్కించెను.

ఈ శాసనమున దయ యున్నది, నిజమే. అంతకుమించి నేను గమనింపుడని కోరునది మఱియొకటి. చక్రవర్తి తన మాటను సుంకరి నోటికి వదలక, రేవులో దిగిన ప్రతివాడును చూచునట్లు రాతిమీద నిలిపెను. వెల్లడిగా వ్రాసియుంచిన సుంకమును పెంచి వసూలు చేయుట కష్టము. న్యాయవర్తకమునకు మొదటి మెట్టు ఇదియే.

ఇక నాధునిక కాలమునకు వత్తము. బీరారు దేశము నిజాముగారిదైనను, హైదరాబాదులోని ఆంగ్ల రెసిడెంటు పాలనలో నుండెను. ఆ రెసిడెన్సీ ఉత్తరువుచే 1886లో కారంజా యను పట్టణమున ప్రత్తివిపణి యొకటి నిబంధనలకు లోబడి యేర్పడెను. భారతదేశమున నిట్టి విపణులలో నిదియే మొదటిదని చెప్పుదురు. 1897లో బీరారునకు ఒక చట్టమే వచ్చెను. అయితే యిది రైతుమీది జాలిచే పుట్టినది కాదు. ఇంగ్లండులోని మిల్లులకు మంచి ప్రత్తి నికరముగా చేరవలెననుటయే ముఖ్యోద్దేశము. నిబంధనము వ్రాసినంతమాత్రమున చాలదు. అది యెవరికొఱకు వ్రాయబడినదో కూడ విచారింపవలెను.

ఆనాటి సంతలలో దళారులు చేతిపై గుడ్డ కప్పి, వ్రేళ్లు నొక్కి బేరము తేల్చుకొనెడివారు. సరకు తెచ్చిన రైతు ప్రక్కనే నిలిచియు తన పంట వెల యెఱుగడు. పిమ్మట ధర్మము పేర, కొలత పేర, హమాలీ పేర తరుగులు. 1928లో వ్యవసాయమును గూర్చిన రాయల్ కమిషను నిబంధనలుగల విపణులు దేశమంతట నుండవలెనని సిఫారసు చేసెను. హైదరాబాదు సంస్థానము 1930లో, అనగా 1339 ఫసలీలో, వ్యవసాయ విపణుల చట్టము చేసెను. గుడ్డ క్రింది బేరము పోయి బహిరంగమైన వేలము రావలెననుట యిట్టి చట్టముల సారము.

అయినను కూరగాయల రైతునకును, తినువానికిని నడుమ దళారి మిగిలియే యుండెను. ఆ లోపమును తీర్చుటకై 1999 జనవరి 26న, శ్రీ నారా చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుబజారులను ప్రారంభించెను. పంజాబులో 1987లో మొదలైన అప్నీమండీ దీనికి ముందటి నమూనా. అదే 1999 నవంబరులో తమిళనాడు ఉళవర్ సందై పేర నిట్టివే తెఱచెను.

రైతుబజారు నడచు విధము సులభముగా గ్రహింపదగినది. గ్రామమున విచారించి, నిజముగా కూరగాయలు పండించువారికే గుర్తింపుపత్రము లిత్తురు. బజారునకు ఎస్టేటు అధికారి యను నుద్యోగి యుండును. టోకు ధర చూచి, రైతుల ప్రతినిధులతో సంప్రదించి, టోకు ధరకు మీదుగను, చిల్లర ధరకు దిగువగను వెల నిర్ణయింతురు. దానిని ద్వారమువద్ద పలకమీద వ్రాయుదురు. మోటుపల్లి రాయియే సుద్దముక్కతో నీ పలకగా మాఱినదని నాకు తోచును.

దోషములు లేవా? కలవు. రైతు పేర చిల్లర వర్తకుడు చొరబడి కూర్చుండుట ఈ బజారులను గూర్చి తఱచుగా వినవచ్చెడి ఫిర్యాదు. గుర్తింపుపత్రము నెవరును పరీక్షింపనినాడు, రైతుబజారు పేరునకే రైతుది. ఊరివారి కన్ను లేనిదే అధికారి కలము పనిచేయదు.

ఇంగ్లండులో గార్‌స్టాంగ్ అను చిన్న పట్టణము 2000లో తన్ను న్యాయవాణిజ్య పట్టణముగా ప్రకటించుకొనెను. పరదేశపు కాఫీరైతునకు సరియైన వెల ముట్టవలెనని ఒక చిన్న యూరు పూనుకొన్నది. మన పంచాయతీలకు అంతదూరము పోవలసిన పని లేదు. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో సంతలను, తిరునాళ్లను చేర్చినది.

ఇప్పుడు మన వారపు సంతను తలచుకొనుడు. ఆశీలు వసూలు హక్కును వేలమున పాడుకొన్నవాడు, గంప దించిన ముసలమ్మను ఎంత యడుగుచున్నాడు? గంపకింత, బండికింత యని యెచ్చటనైన వ్రాసియున్నదా? లేనియెడల నామె యిచ్చునది సుంకము కాదు, కప్పము. వేలము షరతులలో ఆశీలు రేట్లు చేర్చి, సంత మొగలోనే రంగుతో పెద్ద యక్షరములతో వ్రాయింపుడు. ముద్ర వేయించిన త్రాసు నొకదానిని పంచాయతీ తరఫున నుంచి, సందేహము గలవాడు మఱల తూచుకొను వీలు కల్పింపుడు. దీనికి కావలసిన వ్యయము స్వల్పము. ఎనిమిదివందల యేండ్లకు పూర్వము సముద్రముమీద వచ్చిన పరదేశికి దక్కిన భరోసా, నేడు పక్కయూరినుండి కాలినడకను వచ్చిన తోటకూర యమ్మకునామెకు దక్కునట్లు చేయుట మీ గ్రామసభ యొక్కదినమున తేల్చగల పని.