తిరుగుదారి

మీరు డ్రైవర్ సీట్లో కూర్చోండి. తలుపు కాస్త గట్టిగా లాగితేనే పడుతుంది. స్టీరింగ్ పక్కనున్న గేరు కాడను ఒకసారి అటూ ఇటూ ఊపి న్యూట్రల్‌లో ఉందని చూసుకోండి. హ్యాండ్ బ్రేకు లాగే ఉంది.

ఉదయం ఆరు కావస్తోంది. పటమటలో మా ఇంటి ముందు వేసిన ముగ్గు ఇంకా ఆరలేదు. ఆటోనగర్ వైపు వెళ్లే లారీల చప్పుడు అప్పుడే మొదలైంది. బానెట్ ఎత్తి ఉండటం వల్ల ముందు అద్దంలోంచి మీకేమీ కనబడదు, మా మాటలు మాత్రం వినబడతాయి. టార్చి పట్టుకున్నది నేను. ఇంజన్ మీదకు వంగి ఉన్నది బాబాయ్. మాకు చుట్టం కాడు. నలభై ఏళ్లుగా ఆటోనగర్‌లో వైరింగ్ పని చేస్తున్నాడు, అక్కడ అందరికీ ఆయన బాబాయే.

"బాబూ, హెడ్ లైట్లు వేసి తాళం తిప్పండి."

మీరు తిప్పారు. టక్. అంతకు మించి ఏమీ లేదు. సెల్ఫ్ కదల్లేదు.

"లైట్లు డిమ్మయ్యాయా?" అని బాబాయ్ నన్నడిగాడు. ప్రహరీ గోడ మీద పడ్డ వెలుగు చూశాను. ఇసుమంత కూడా తగ్గలేదు. బాబాయ్ తలూపాడు. టక్‌మన్నప్పుడు లైట్లు కూడా చచ్చిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా దాని టెర్మినళ్లు పట్టు వదిలి ఉండాలి. లైట్లు అలాగే వెలుగుతూ సెల్ఫ్ ఒక్కటే మొరాయించిందంటే, బ్యాటరీలో సత్తువ ఉంది కానీ అది సెల్ఫ్‌కు అందడం లేదు.

ఈ కారు మార్క్ 4, 1984 మోడల్, 1489 సీసీ పెట్రోలు ఇంజన్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో పుట్టిన అంబాసిడర్లు కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారయ్యాయి. మా నాన్న దీన్ని కొన్నప్పుడు డైనమో ఉండేది, తర్వాత ఎప్పుడో ఆల్టర్నేటర్ బిగించారు. ఏడాదిన్నరలో నేను రెండు బ్యాటరీలు మార్చాను. కొత్తది వేసిన ప్రతిసారీ నెలా రెండు నెలలు బాగానే తిరిగేది, తర్వాత మళ్లీ టక్. మూడోది కొనమన్నారు. దాంతో పాటు సెల్ఫ్ కూడా విప్పి కార్బన్లు, బుష్‌లు మార్చాలన్నారు. ఈ బండిని అమ్మేయమని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఏ భాగం పోయిందో కొలిచి చూపించినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ బాధతోనే రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేశాను.

ఆయన బ్యాటరీని తన షాపుకు తీసుకుపోయి రాత్రంతా చార్జింగ్ పెట్టి తెచ్చాడు. మూతలు తీసి గ్రావిటీ చూస్తే ఆరు గదుల్లోనూ 1250. మీటర్ పెడితే 12.6 వోల్టులు. టెర్మినళ్ల మీద పేరుకున్న పచ్చటి పొడిని వేడినీళ్లు పోసి కడిగి, ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్ది బిగించాడు. అయినా మీకు వినబడింది ఆ ఒక్క టక్కే.

"ఇప్పుడు మీటర్ ఒక కాలు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెడుతున్నా. బాబూ, తాళం తిప్పి మూడు లెక్కపెట్టేదాకా పట్టుకోండి."

ఇందుకే మిమ్మల్ని పిలిచింది. ఈ పరీక్ష ఒక్కడి వల్ల అయ్యేది కాదు. కరెంటు పారుతున్నప్పుడే లోపం కనబడుతుంది, తాళం వదలగానే దాక్కుంటుంది. నెగెటివ్, బాడీ, ఇంజన్ మూడూ ఒకే దారి. వాటి మధ్య మీటర్ దాదాపు సున్నా చూపాలి, సెల్ఫ్ లాగుతున్నప్పుడు మహా అయితే 0.2.

ఒకటి, రెండు, మూడు. మీటర్ మీద 7.8.

పన్నెండు వోల్టుల్లో దాదాపు ఎనిమిది తిరుగుదారిలోనే కాలిపోతున్నాయి. సెల్ఫ్‌కు మిగిలింది నాలుగు చిల్లర. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని కార్బురేటర్ దగ్గర చోక్ వైరు మీద పెట్టాడు. చుర్రుమంది. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది, కాబట్టి బాడీకీ దానికీ మధ్య కరెంటు నడవాలంటే రాగి అల్లిక ఎర్త్ పట్టీ ఉండాల్సిందే. అది పాడైతే కరెంటు దొరికిన సందులోంచి దూరుతుంది. సన్నటి చోక్ వైరు, యాక్సిలరేటర్ వైరు ఆ భారం మొయ్యలేక కాలతాయి. పాత బండి స్టార్ట్ చేసేటప్పుడు ఈ వైర్లు వేడెక్కితే ఇంకేదీ విప్పకండి, ముందు ఎర్త్ చూడండి.

నేను వెంటనే కిందికి దూరబోయాను. బాబాయ్ ఆపాడు. "ఆగు నాన్నా. చార్జింగ్ ఎందుకు ఎక్కట్లేదో కూడా ఇప్పుడే చూడాలి. బాగుచేశాక జబ్బు కనబడదు."

డిక్కీలోంచి స్టార్టింగ్ హ్యాండిల్ తీశాడు. బంపర్ మధ్య కన్నంలోంచి దూర్చి, బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే ఉంచి పట్టుకున్నాడు. బొటనవేలు చుట్టి పట్టుకున్నవాళ్ల మణికట్టును, ఇంజన్ ఎదురు తన్నితే, హ్యాండిల్ విరిచేస్తుంది. కిందికి నొక్కడు, కింద నుంచి పైకే లాగుతాడు. తాళం వేసి ఉంచండి. డ్యాష్ బోర్డులో ఎర్ర దీపం వెలిగిందా? అది వెలగాలి. ఆల్టర్నేటర్‌కు మొదటి కరెంటు ఆ చిన్న బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ మేలుకోదు, అసలు కారణం తెలియక ఆల్టర్నేటర్‌నే మార్చేస్తారు.

రెండో లాగుడుకు ఇంజన్ అందుకుంది. బాబాయ్ హెడ్ లైట్లు వేయించి, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఆనించమన్నాడు. ఆల్టర్నేటర్ బోల్టుకూ దాని సొంత ఒంటికీ మధ్య 14.2. అదే మీటర్ బ్యాటరీ మీద పెడితే 12.9. బ్యాటరీ నిండాలంటే అక్కడ 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. ఆల్టర్నేటర్ చేయాల్సింది చేస్తూనే ఉంది, అది పంపింది దారిలో పోతోంది. రెండు బ్యాటరీలూ ఏనాడూ కడుపు నిండక పాడయ్యాయి. స్టార్టింగూ చార్జింగూ రెండు జబ్బులనుకుని ఇన్నాళ్లూ ఖర్చు పెట్టింది ఒకే జబ్బు మీద.

పక్కింటి డ్రైవర్ గేటు దగ్గర నిలబడి, "బ్యాటరీ వైరు పీకి చూడండి, ఇంజన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే" అన్నాడు. బాబాయ్ గొంతు ఒక్కసారిగా పెరిగింది. డైనమో రోజుల్లో చెల్లిన ఉపాయం అది. ఆల్టర్నేటర్ బండిలో నడుస్తుండగా బ్యాటరీ తీస్తే వోల్టేజీ ఒక్క ఊపున లేస్తుంది. దాన్ని మింగుకునే బ్యాటరీ లేకపోతే డయోడ్లు పోతాయి. పీకి చూసేవాళ్ల వల్లే పోయిన ఆల్టర్నేటర్లు తన బల్ల మీదకు ఎన్నో వచ్చాయన్నాడు. ఈ మాట మీరు కూడా నలుగురికీ చెప్పండి.

ఇంజన్ ఆపించాడు. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు తగిలించాడు. "తిప్పండి."

సెల్ఫ్ గిర్రున తిరిగి ఇంజన్ అందుకుంది. మీ చేతికి కూడా ఆ తేడా తెలిసే ఉంటుంది.

ఇక పట్టీయే. కింద పాత గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని చూశాను. జడలా అల్లిన రాగి పట్టీ ఇంజన్ వైపు బాగానే ఉంది. చాసిస్ వైపు బోల్టు కింద మాత్రం మందపాటి నల్ల రంగు. నాలుగేళ్ల కింద తుప్పు పట్టకుండా కింద రంగు కొట్టించినప్పుడు, పట్టీని విప్పి, రంగు మీదే మళ్లీ బిగించేశారు. ఆ రంగు కింద తుప్పు మెల్లగా పెరిగింది. పట్టీ విప్పి, తెల్లటి ఇనుము కనబడేదాకా గీకాను. అల్లికలో మూడోవంతు పోగులు పచ్చబడి తెగిపోయి ఉన్నాయి. బాబాయ్ సంచిలోంచి కొత్త పట్టీ, రంగును కొరికి పట్టే పళ్ల వాషర్ అందించాడు. బిగించాక పైన వాసెలిన్ పూశాను.

మళ్లీ మీటర్, మళ్లీ తాళం. ఈసారి 0.15. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1, లైట్లన్నీ వేస్తే 13.9. ఫ్యాన్ బెల్ట్ మధ్యలో వేలితో నొక్కి చూశాడు, అర అంగుళం దిగింది, చాలు. ఇంజన్ ఆపించి, నెగెటివ్ వైరు తీసి మధ్యలో టెస్ట్ బల్బు పెట్టాడు. వెలగలేదు. రాత్రిపూట కరెంటు తాగే దొంగ ఏదీ లేదు.

వైరు బిగించాక మిమ్మల్ని నాలుగుసార్లు వరసగా స్టార్ట్ చేయించాడు. ఇక దిగి ఇటు రండి. కార్బురేటర్ పక్కనున్న ఆ చోక్ వైరు పట్టుకుని చూడండి.

చల్లగా ఉంది.