కవరు విప్పే చేయి

తపాలాశాఖలో ఉద్యోగం చేసి రిటైరైన నాకు, అంటించిన కవరంటే నేటికీ గౌరవమే. కానీ దాన్ని విప్పి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోని 26వ సెక్షను ఇచ్చింది. టెలిగ్రాములకు 1885 చట్టం ఉండేది. తెల్లదొరలు వెళ్ళినా ఆ సెక్షన్లు మిగిలాయి.

ఆ అధికారాన్ని ఇంకా పెంచే బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదించింది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ సంతకం చేయకుండా అట్టే పెట్టారు. చివరికి 2002లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది.

2012లో ఆధార్‌ను ప్రశ్నిస్తూ కోర్టుకెక్కిన కె.ఎస్. పుట్టస్వామిగారు మనలాగే విశ్రాంత జీవి, హైకోర్టు మాజీ న్యాయమూర్తి. అప్పటికే ఎనభై దాటిన వయసు! ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు.

అయినా 2023 నాటి కొత్త పోస్టాఫీసు చట్టంలోనూ విప్పి చూసే అధికారం ఉంది. నేడు మన ఉత్తరాలు వాట్సాప్‌లో నడుస్తున్నాయి. 2016 నుంచి వాటి తాళంచెవి పంపినవారి, అందుకున్నవారి ఫోన్లలోనే ఉంటోంది. మధ్యనున్న కంపెనీ చదవలేదు. కొన్ని సందేశాలను మొదట పంపిందెవరో అవసరమైతే చెప్పాలని 2021 నిబంధనలు తెచ్చారు.

నేరస్థుణ్ణి పట్టుకోవద్దని నేననను. కవరు విప్పే చేతిని లెక్క అడిగేవారుండాలి. మిత్రులారా, పెన్షను కోసమే కాదు, దీనికోసమూ మన సంఘాలు నోరు విప్పాలి.